కొనుక్కున్న చెవుడు

"నాది వచ్చిన చెవుడు, నీది కొనుక్కున్న చెవుడు. అంతేగా తేడా!"

సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు మా అమ్మ నన్ను అన్న మాట ఇది. నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో, సముద్రం ఇంకా కంటికి కనబడకముందే గాలిలో ఉప్పు తెలిసే చోట ఉంటుంది మా ఊరు. ఆ సాయంత్రం వసారాలో పడకకుర్చీ వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, కళ్లు మూసుకుని బాలసుబ్రహ్మణ్యం పాట వింటున్నాను. అమ్మ వంటింట్లోంచి మూడుసార్లు పిలిచిందట. నాలుగోసారికి తనే వచ్చి భుజం తట్టి, ఆ మాట అనేసి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక్క మాటలో మనిషిని పట్టెయ్యడం మీ అమ్మగారికి వచ్చినట్టు నవలలు రాసే నీకు రాలేదని మావారు ఎప్పుడూ అంటూనే ఉంటారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, నిజం చెప్పొద్దూ, ఆ ఇయర్‌ఫోన్ల ఖరీదు ఆరున్నర వేలు. ఆ సంగతి అమ్మకు తెలియదు. మావారికి సగమే తెలుసు. అంటే, మూడు వేలని చెప్పాను.

అంతదాకా ఎలా వెళ్లానో మొదటినుంచీ చెబుతాను. తప్పు ఎక్కడ చేశానో, అసలు చేశానో లేదో, మీరే చెప్పండి.

మన ఇళ్లల్లో ఇల్లాలి చెవులు ఆవిడవి కావు. అవి ఉమ్మడి ఆస్తి. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టాలి. పాలు పొంగబోయే ముందు వచ్చే సన్నటి చప్పుడు పట్టుకోవాలి. మేడమీద ట్యాంకు నిండి నీళ్లు కారిపోతున్నాయేమో వినాలి. వీధిలో గ్యాసు బండి వచ్చిందా, పక్కగదిలో పిల్లవాడు దగ్గాడా, మామగారు పిలిచారా, అన్నీ వినాలి. నిద్రలో కూడా ఒక చెవి తెరిచే ఉంటుంది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఒక పాటను పల్లవి నుంచి చివరి చరణం దాకా మధ్యలో లేవకుండా విన్న గుర్తు నాకు లేదు.

రెండేళ్ల క్రితం మా అబ్బాయి మద్రాసులో కాలేజీలో చేరాడు. అవును, చెన్నై. మా నెల్లూరు వాళ్ల నోట్లో అది ఇంకా మద్రాసే. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. సాయంత్రాలు నడవమని డాక్టరుగారు చెప్పారు. నడకకు తోడుగా ఉంటాయని ట్రంకు రోడ్డులో నాలుగు వందలు పెట్టి ఒక జత కొనుక్కున్నాను. మొదటిరోజు చెవిలో పెట్టుకుని నడుస్తూ ఒక పాట పూర్తిగా విన్నాను. నన్నెవరూ పిలవలేదు. పిలిచినా వినబడలేదు. రోడ్డు పక్కన నిలబడి కళ్లు తుడుచుకున్నానంటే మీరు నవ్వుకోవచ్చు. మీలో కొందరు నవ్వరని కూడా నాకు తెలుసు.

అంచేత ఆ నాలుగు వందల గురించి నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు. ఆ తర్వాతి మెట్ల గురించే ఈ గొడవంతా.

సెలవులకు వచ్చిన అబ్బాయి నా జత చెవిలో పెట్టుకుని చూసి మొహం చిట్లించాడు. "అమ్మా, ఇంత మంచి పాటలు ఇంత చెత్తదాంట్లోనా?" అని వాడే 1,800 రూపాయల జత తెప్పించాడు. ఇప్పుడు మూన్‌డ్రాప్, కేజెడ్ లాంటి చైనా కంపెనీలు రెండు వేల లోపే చాలా మంచి సరుకు ఇస్తున్నాయట. పెట్టుకుని విన్నాను. తేడా ఉంది. కాదనడానికి లేదు. నాలుగు వందలదాంట్లో అడుగున దడదడమనే మోత ఒకటి అన్నింటిమీదా దుప్పటిలా కప్పుకుని ఉండేది. ఇందులో తబలా తబలాగా, వీణ వీణగా ఉన్నాయి. చరణం ఎత్తుకోబోయే ముందు బాలు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. నెల్లూరులో హరికథలు చెప్పిన సాంబమూర్తిగారి కొడుకు, మా ఊరి గొంతు, 2020 సెప్టెంబరులో వెళ్లిపోయిన మనిషి, నా చెవిలో ఊపిరి పీల్చుకున్నాడు. పద్ధెనిమిది వందలకు అంతకన్నా ఏం కావాలి చెప్పండి?

కావాలనిపించింది. అదే చిత్రం.

ఆరు నెలలు తిరక్కుండా ఆరున్నరవేల జత కొన్నాను. ఈసారి అబ్బాయి చెప్పలేదు, నేనే వెతుక్కున్నాను. ఇందులో ఒక్కో చెవికి రెండు రకాల డ్రైవర్లున్నాయి, తీగ ఊడదీసి మార్చుకోవచ్చు. మరి పాటలో తేడా? ఉంది కాబోలు. మొదటి మెట్టు తేడా దానంతట అదే వచ్చి నా చెవిలో పడింది. రెండో మెట్టు తేడాను నేను వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఒకే పాటను పాత జతతో ఒకసారి, కొత్త జతతో ఒకసారి, మళ్లీ పాతదాంతో, ఇలా వారం రోజులు విన్నాక "ఆఁ, ఇక్కడ, వయొలిన్లు కొంచెం పైకి లేచాయి" అనుకున్నాను. ఆ వారంలో పాట విననేలేదు. యంత్రాన్ని విన్నాను.

ఇక 18,000 జత సంగతి. సంక్రాంతికి వారం ముందు దాన్ని ఆన్‌లైన్లో కార్టులో వేసి ఉంచాను. ఆ మెట్టు తేడా ఏమిటో నాకు వినకముందే తెలుసు, ఎందుకంటే దాని గురించి అంత చదివాను. దానిపైన యాభై వేలవీ, లక్ష దాటినవీ ఉన్నాయి. ఈ మెట్లకు మేడ లేదు.

మీలో ఎవరైనా కొనుక్కోబోతుంటే, డబ్బు వదిలించుకుని నేర్చుకున్న నాలుగు ముక్కలు చెబుతాను. జతతోపాటు పెట్టెలో మూడు సైజుల రబ్బరు టోపీలు ఇస్తారు. చాలామంది వాటిని చూడకుండానే అవతల పారేస్తారు. అసలు కిటుకంతా వాటిలోనే ఉంది. టోపీ చెవి రంధ్రానికి సరిగ్గా అతక్కపోతే కింది స్వరాలన్నీ సందులోంచి జారిపోతాయి, అప్పుడు ఎంత ఖరీదైనదైనా డొల్లగా మోగుతుంది. నాకు ఎడమ చెవికి మధ్య సైజు, కుడి చెవికి చిన్న సైజు. ఇది కనిపెట్టాక నా నాలుగువందల జత కూడా మర్యాదగా పాడింది! తీగలేనివి హాయిగానే ఉంటాయి గానీ, లోపలి బ్యాటరీ కొన్నేళ్లకు నీరసించిపోతే సామాన్యంగా మార్చడానికి వీలుండదు. ఇంకొకటి, మనం వినే పాతపాటలు, ముఖ్యంగా 1950లలో, 60లలో వచ్చిన ఘంటసాలవీ సుశీలవీ, మోనోలో రికార్డయినవి. అంటే కుడిచెవికీ ఎడమచెవికీ ఒకటే శబ్దం. ఏ లక్ష రూపాయల యంత్రమూ ఆ వాద్యబృందాన్ని విడదీసి అటు నలుగురినీ ఇటు నలుగురినీ కూర్చోబెట్టలేదు.

ధరకూ గుణానికీ సంబంధం ఎంత అన్నదాన్ని కొలిచి చూసినవాళ్లు కూడా ఉన్నారు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోన్ల లెక్కలు తీశాడు. చెవిలో దోపుకునేవీ, చెవులమీద బోర్లించుకునేవీ అన్నీ ఉన్నాయి అందులో. ఏ స్వరాన్ని ఎంత బిగ్గరగా పలికిస్తుందన్న దానికీ, అంగట్లో దాని ధరకూ పొంతనే లేదని తేలింది. ఖరీదైనవాటిలో గట్టి తీగలుంటాయి, మంచి లోహం ఉంటుంది, అందమైన పెట్టె ఉంటుంది. కాదనను. కానీ నేను వెతుకుతున్నది అది కాదుగదా.

అమ్మ అన్న ఆ 'కొనుక్కున్న చెవుడు' ఊరికే ఎగతాళి కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినొచ్చు. మూడు డెసిబెల్స్ పెంచితే ఆ గంటలు సగానికి సగం పడిపోతాయి. అంటే 83 అయితే 20 గంటలే. బస్సులో, బజారులో బయటి మోతను మించాలని మనం పెంచుకుంటూ పోతాం. టోపీ సరిగ్గా అతికితే బయటి మోత తగ్గుతుంది, మనం పెంచనక్కర్లేదు. మళ్లీ ఆ అయిదు పైసల రబ్బరు ముక్క దగ్గరికే వచ్చాం చూశారా!

సరే, ఇదంతా నా భాగోతం. ఇప్పుడు అమ్మ సంగతి.

మర్నాడు ఉదయం వంటింట్లో అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. రాత్రి పడ్డ మాటకు ప్రాయశ్చిత్తంగా అనుకోండి, ఇయర్‌ఫోన్లు పెట్టెలో పెట్టేశాను. అమ్మ చారుకు పోపు పెడుతోంది. నూనె కాగింది, ఆవాలు వేసింది. అవి చిటపటలాడాయి, ఎగిరాయి, సద్దుమణిగాయి. అమ్మ నాతో మాట్లాడుతూనే ఉంది, చేతిలో ఎండుమిరపకాయ అలాగే ఉంది. మూకుట్లోంచి నల్లటి పొగ లేచాక గబుక్కున చూసి మిరపకాయ వేసింది.

మూడేళ్లుగా మా ఇంట్లో ఒక పరాచికం నడుస్తోంది, అమ్మ చారు మాడువాసన వేస్తోందని. "వయసు మీద పడిందిలే, చేతివాటం తప్పింది" అనుకునేవాళ్లం. మా వదిన మొహమాటపడి తినేది, పిల్లలు గిన్నె పక్కకు జరిపేవాళ్లు.

"అమ్మా, ఆవాలు చిటపటలాడింది వినబళ్లేదా?"

"ఏందే?"

ఎదురుగా వెళ్లి నిలబడి మళ్లీ అడిగాను.

"వినబడేది. ఇప్పుడు యాడ? పొగ చూసి వేస్తా ఉండా" అంది మామూలుగా, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు.

చేతివాటం కాదు. అమ్మ జీవితమంతా చెవితో వంట చేసింది. ఆ చెవి పోయింది, మేము చేతిని ఆడిపోసుకున్నాం.

చెవిటి మిషను సంగతి మా అన్నయ్య మూడేళ్ల క్రితమే ఎత్తాడు. "నెల్లూరు పోదాం రామ్మా, చూపిద్దాం" అన్నాడు. "ఈ వయసులో నాకెందుకురా అబ్బయా? వినాల్సినవన్నీ వినేశా. నాకు ఇది చాలు" అంది అమ్మ. అన్నయ్య మళ్లీ అడగలేదు. నేనూ అడగలేదు. పైగా దాన్ని ఆవిడ గుణంగా చెప్పుకున్నాం. చుట్టాలొస్తే "మా అమ్మకు దేనిమీదా ఆశ లేదండీ, మహా తృప్తి మనిషి" అని మురిసిపోయాం.

ఆ మధ్యాహ్నం అబ్బాయి నా ఆరున్నరవేల జతను చేతిలో తిప్పుతూ ఒక కథ చెప్పాడు. అందులో 'బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్' అనే చిన్న డ్రైవరు ఉందట, బియ్యపుగింజకన్నా కాస్త పెద్దది. పాటలు వినేవాళ్లకన్నా ముందు అది చెవిటి మిషన్లలో ఉండేదట. అమెరికాలో నోల్స్ అనే కంపెనీ చెవిటి మిషన్ల కోసం ఆ చిన్న భాగాలు తయారుచేసేది. అక్కడ పనిచేసిన మీడ్ కిలియన్ అనే ఆయన తర్వాత సొంత కంపెనీ పెట్టి, 1991లో చెవి లోపల దోపుకునే మేలురకం ఇయర్‌ఫోన్ చేశాడు. 1995లో జెర్రీ హార్వీ అనే సౌండు ఇంజనీరు, వేదికమీద మోత మధ్య తన పాట తనకే వినబడక బాధపడుతున్న ఒక డ్రమ్ము వాయిద్యగాడి కోసం అలాంటి జతే చేసి ఇచ్చాడు. అక్కణ్ణుంచి అది గాయకుల చెవుల్లోకీ, వాళ్ల నుంచి నాలాంటివాళ్ల చెవుల్లోకీ దిగింది.

"అంటే అమ్మా, నీది అమ్మమ్మ కోసం పుట్టిన యంత్రం" అన్నాడు వాడు నవ్వుతూ.

వాడు ఊరికే అన్నాడు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది. వినబడని చెవికోసం పుట్టిన వస్తువు, బాగా వినబడే నా చెవిలోకి ఇంకా బాగా వినబడాలని వచ్చి కూర్చుంది. అదీ రెండేళ్లలో మూడుసార్లు. వినబడని చెవి పక్కనే ఉండి 'నాకు చాలు' అంటే, సరేనని ఊరుకున్నాం.

మీరు అనుకోవచ్చు, డబ్బు అటు ఖర్చుపెట్టి ఇటు లేకుండా చేశావా అని. అదీ కాదు. అలా అయితే బాధ చిన్నదే అయ్యేది. అన్నయ్య దగ్గరా నా దగ్గరా ఆ డబ్బు ఎప్పుడూ ఉంది. అడ్డం వచ్చింది డబ్బు కాదు. నా 'చాలదు'ను నేను వెంటనే నమ్మాను. అమ్మ 'చాలు'నూ వెంటనే నమ్మాను. రెండు నమ్మకాలూ నాకు వీలైనవే. ఒకదానివల్ల వస్తువు వచ్చింది, ఇంకొకదానివల్ల పని తప్పింది. తృప్తి గొప్ప గుణమని అంతా చెబుతారు. కానీ ఎదుటివాళ్ల తృప్తి మనకింత సౌకర్యంగా ఉన్నప్పుడు, దాన్ని కాస్త అనుమానించాలని ఎవరూ చెప్పరు.

'చాలు' అన్నది మన భాషలో భలే మాట. సరిపోవడమే కాదు, చేయగలగడం కూడా దాని అర్థమే. పాత పుస్తకాల్లో 'చేయజాలను' అంటే చేయలేనని. అందులో ఉన్నదీ ఈ చాలే. అంటే చాలు అనడానికి కూడా ఒక శక్తి ఉండాలన్నమాట. పద్ధెనిమిది వందల దగ్గర చాలు అనడానికి నాకు ఆ శక్తి చాలలేదు. మరి అమ్మకు అది ఉన్నట్టేనా? ఆవిడ చాలు అన్నది నిజంగా చాలేనా?

ఇక్కడ నేను తొందరపడదల్చుకోలేదు. మన అమ్మల తరాన్ని చూసి, "పాపం వాళ్లకు ఏదీ తెలియదు, మనమే చెప్పి ఇప్పించాలి" అనుకోవడమూ ఒక రకం అహంకారమే. నిజంగా తృప్తి పడినవాళ్లు ఉంటారు. డెబ్బైయేళ్లు దాటిన మనిషి ఊళ్లోవాళ్ల చాడీలు వినబడకపోతే హాయి అనుకుంటే, కాదనడానికి నేనెవర్ని? కానీ కడుపు నిండి అనే చాలు వేరు, వడ్డించేవాళ్లకు శ్రమ అని చెయ్యి అడ్డం పెట్టే చాలు వేరు. రెంటికీ మాట ఒకటే. తేడా ఎలా తెలుస్తుంది?

మనకు తెలియకేం? మన విస్తళ్ల దగ్గర ఈ విద్య అంతా ఉంది. భోజనానికి వచ్చిన మనిషి మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టి "చాలు చాలు" అంటే మనం నమ్ముతామా? మారు వడ్డిస్తాం. "ఇంకొక్క గరిటె" అంటాం. మూడోసారి కూడా విస్తరి మీదికి వంగిపోయి రెండు చేతులూ అడ్డం పెడితే, అప్పుడు నమ్ముతాం. పరాయివాడి ఆకలి దగ్గర మొదటి చాలును నమ్మని మనం, కన్నతల్లి చెవి దగ్గర మొదటి చాలునే పట్టుకుని ఊరుకున్నాం. ఇంకా తమాషా ఏమిటంటే, నా విస్తరిలో నేను ఎవరూ అడగకుండానే మూడుసార్లు వడ్డించుకున్నాను.

ఈ తంతంతా నాకు ఇంకో కథను గుర్తుకు తెచ్చింది. 1979లో సోనీ కంపెనీ మొదటి వాక్‌మన్ చేసినప్పుడు దానికి హెడ్‌ఫోన్లు గుచ్చుకునే రంధ్రాలు రెండుండేవి. ఆ కంపెనీ పెద్ద అకియో మొరీటా దాన్ని పరీక్షించడానికి ఇంటికి తెచ్చుకుని వింటూ కూర్చుంటే, తనను దూరం పెట్టినట్టు భార్య నొచ్చుకుందని ఆయనే రాసుకున్నాడు. అందుకని ఇద్దరు వినేలా రెండో రంధ్రం పెట్టించాడట. పోనుపోను ఆ రెండో రంధ్రం పోయింది. ఒక ఆడమనిషి చిన్నబుచ్చుకుంటే యంత్రానికే రంధ్రం పెట్టించిన రోజులవి. మా అమ్మ మూడుసార్లు పిలిచి, చిన్నబుచ్చుకోకుండా ఒక చలోక్తి విసిరి వెళ్లింది. నొచ్చుకుని ఉంటే నాకు ముందే తెలిసేదేమో.

నెల్లూరు వాళ్లకు రొట్టెల పండగ గురించి నేను చెప్పనక్కర్లేదు. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర జరుగుతుంది. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఎవరి కోరిక వాళ్లది, కులమతాల తేడా లేదు. నడుంలోతు నీళ్లలో నిలబడి ఎవరి చేతిలోంచో రొట్టె తీసుకుంటారు. కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు. అప్పటికి ఆ కోరిక పూర్తయినట్టు. చిన్నప్పటినుంచీ చూస్తున్నా ఇందులో ఉన్న తెలివి నాకు ఇప్పుడే పట్టుబడింది. తీరిన కోరికను ఇంకొకరి చేతిలో పెడితేనే అది తీరినట్టు లెక్క. నా సొరుగులో చూసుకుంటే తీరిన కోరికలు తీగలు చిక్కుపడి పడున్నాయి. ఏ ఒక్కటీ ఎవరి చేతికీ వెళ్లలేదు. వెళ్లకపోబట్టే కాబోలు, తీరనూలేదు.

కనుమ వెళ్లిన మూడోనాడు అమ్మను బలవంతంగా కాదు, మారు వడ్డించినట్టే అడిగి, నెల్లూరు తీసుకెళ్లాం. మొదటిసారి "నాకెందుకే" అంది. రెండోసారి "డబ్బు దండగ" అంది. మూడోసారి ఏమీ అనకుండా లేచి వెళ్లి చీర మార్చుకుంది.

చెవి పరీక్ష చేసిన అమ్మాయి గీత గీసి చూపించింది. వయసుతో వచ్చే చెవుడులో పై స్వరాలు ముందు పోతాయట. అచ్చులు కింది స్వరాలు, అవి వినబడతాయి. స, శ, ఫ, త లాంటి హల్లులు పై స్వరాలు, అవి జారిపోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏమన్నారో తెలియదు. అందుకే అరిస్తే లాభం లేదు, ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాలి. చెవుడును అలాగే వదిలేస్తే మనిషి నలుగురిలోకి రావడం మానేస్తుందనీ, ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బుకు మనం సరిదిద్దగల కారణాల్లో ఇది పెద్దదని 2020లో లాన్సెట్ కమిషన్ చెప్పిందనీ కూడా తెలుసుకున్నాను. అమ్మ ఈమధ్య పెళ్లిళ్లకు రాకపోవడం మోకాళ్లవల్ల అనుకున్నాం.

అక్కడా మెట్లే. ఒక్కో చెవికి పదిహేను వేలనుంచి లక్ష దాటిన మిషన్ల దాకా వరసగా పెట్టి చూపించారు. నా చెయ్యి అలవాటుగా పైవరస మీదికి పోయింది. చూశారా, అపరాధభావన కూడా మెట్లెక్కాలనే అంటుంది! మెంఫిస్ విశ్వవిద్యాలయంలో రాబిన్ కాక్స్ బృందం పెద్దవయసు వాళ్లకు మామూలు మిషన్లూ ఖరీదైన మిషన్లూ మార్చిమార్చి ఇచ్చి చూసి 2014లో ప్రకటించిన ఫలితం అంతకుముందే చదివి ఉండబట్టి ఆగాను. రెండూ మేలు చేశాయట, రోజువారీ బతుకులో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదట. చెవికి సరిగ్గా అమర్చడం, నాలుగైదుసార్లు తీసుకొచ్చి సరిచేయించుకోవడం, అదీ ముఖ్యమని ఆ అమ్మాయి కూడా అంది. ఇక్కడా టోపీ సరిగ్గా అతకడమే! రెండు చెవులకూ కలిపి యాభై వేల లోపే అయింది.

మొదటివారం అమ్మ మమ్మల్ని తిట్టని పూట లేదు. కాగితం మడిస్తే గరగర, గిన్నె పెడితే ఠంగుమని మోత. కొత్తలో అలాగే ఉంటుందట, మెదడు అలవాటు పడాలట. రాత్రి వసారాలో కూర్చుని అంది గదా, "సముద్రం మోత కంటే ఆ రొయ్యల గుంటల్లో తిరిగే చక్రాల మోతే ఎక్కువుండాది! దీన్ని మీరంతా ఎట్టా భరిస్తా ఉండారే?" నిజమే, చుట్టూ గుంటల్లో ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. మాకు ఆ మోత అలవాటైపోయి వినబడటం మానేసింది. చెవుడు ఎన్ని రకాలో!

చారు ఇప్పుడు మాడటం లేదు. 18,000 జత కొనలేదు. ఎప్పటికీ కొననని ఒట్టూ పెట్టుకోలేదు. అలాంటి ఒట్లమీద నాకు నమ్మకం తక్కువ. ఆరున్నరవేల జత అసలు ఖరీదు మావారికి ఈ వ్యాసంతో తెలుస్తుంది. పద్ధెనిమిదివందల జతను మా వదిన కూతురికి ఇచ్చాను, రబ్బరు టోపీలు ఎలా పెట్టుకోవాలో చూపించి మరీ.

పోయిన ఆదివారం మళ్లీ ఊరికి వెళ్లాను. సాయంత్రం వసారాలో అమ్మ అడిగింది, "ఆ రోజు కళ్లు మూసుకుని ఏం పాట ఇంటా ఉండావే? ఏదీ, బయటికే పెట్టు." ఫోనులోంచి అలాగే పెట్టాను. ఆ బుల్లి స్పీకరులో అడుగు స్వరాలు లేవు, వీణ వీణలా లేదు. అమ్మ తల పక్కకు వంచి పాటంతా విన్నది. తన చిన్నప్పుడు సిలోన్ రేడియోలో తెలుగుపాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతుకోసం పొరుగింటి గోడ పక్కన నిలబడ్డ సంగతి చెప్పింది. నేను ఎప్పుడూ వినని సంగతి.

పాట అయిపోయింది. "చాల్లే, ఆపు. నీకు పనుందేమో" అంది.

ఫోను చేతిలోకి తీసుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని అడిగాను.

"నిజంగా చాలా అమ్మా?"

అమ్మ నావైపు ఒక్క క్షణం చూసింది.

"ఇంకోటి పెట్టు" అంది.